పదిహేను అక్షరాల నొప్పి

నా చిన్నప్పుడు పొడుగాటి ఇంగ్లిషు మాటలు పోగుచేసే పిచ్చి ఒకటి ఉండేది నాకు. ఆరో తరగతిలో గళ్ల నోటుబుక్కు దానికోసమే పెట్టుకున్నాను. పేజీకి రెండు నిలువు వరుసలు. మొదటిదాంట్లో మాట, రెండోదాంట్లో అక్షరాల లెక్క. పది అక్షరాలకు తగ్గిన మాటకు చోటు లేదు. ఒకే తోక ఉన్న మాటలన్నీ ఒకే పేజీలో చేరేవి. అర్థాలు రాసేవాణ్ని కాదు. వాటికి వరుస గీయలేదు, అవసరమనీ అనిపించలేదు.

అన్నిటిలోకి నాకు ముద్దు 'ఐటిస్' పేజీ. చివర ఐ, టి, ఐ, ఎస్ ఉండే మాటలు దవాఖాన గోడల మీది పటాల్లో, మందుల డబ్బాల్లోని కాగితాల మీద దొరికేవి. టాన్సిలైటిస్ పదకొండు, అపెండిసైటిస్ పన్నెండు, కంజంక్టివైటిస్ పద్నాలుగు. పదిహేను అక్షరాలది మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

చివరికి అది మా ఇంటికే వచ్చింది. మేం హన్మకొండలో ఉండేవాళ్లం. నాన్న వాళ్లమ్మను బాపమ్మ అని పిలిచేవాళ్లం. ఆ వానాకాలం ఆమెకు ఛాతీలో ఎడమపక్క పొడిచినట్టు నొప్పి మొదలైంది. నాన్న దవాఖానకు తీసుకుపోయాడు. పరీక్షలన్నీ చేసి, గుండెకేమీ లేదని చెప్పి, మాత్రలు రాసి పంపారు. ఇంటికి రాగానే చీటీ నా చేతిలో పడింది. టైపు చేసిన మాట మీద వేలు పెట్టి లెక్కపెట్టాను. నమ్మలేక ఇంకోసారి లెక్కపెట్టాను.

"బాపమ్మా, నీది కాస్టోకాండ్రైటిస్! పదిహేను అక్షరాలు! నా బుక్కుల గింత పెద్దది లేనే లేదు!" అని ఇల్లంతా వినబడేట్టు అరిచాను.

ఆమె చాయ్ గ్లాసు కింద పెట్టి, "మల్ల చెప్పు బిడ్డా" అంది. మళ్లీ చెప్పాను, ఇంకాస్త సాగదీసి.

ఆ పూట నుంచి ఆమె అన్నం రెండు ముద్దలకు దిగింది. గుండెకేం లేదని నాన్న ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. "గంత పొడుగు పేరున్న రోగం మాత్రలకు పోతదా? మీరు దాస్తాండ్రు. పిల్లగాడే నిజం చెప్పిండు" అనేది. మూడోనాడు నర్సంపేటలో ఉండే తమ్ముడికి ఫోన్ చేయించి, ఒక్కసారి వచ్చి పొమ్మంది. పెట్టె తెరిచి, పట్టుచీర తీసి, మా మేనత్తకు ఇమ్మని అమ్మ చేతిలో పెట్టింది. అమ్మ ఆ చీర పట్టుకుని వంటింట్లో కళ్లు తుడుచుకుంది. ఇంత పనిచేసిన ఆ మాటకు అర్థమేమిటో నాకే తెలియదని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

పక్కింటి అక్క నర్సు. ఆ సాయంత్రం డ్యూటీ నుంచి వస్తుంటే గేటు దగ్గరే ఆపి, నోటుబుక్కూ చీటీ రెండూ చూపించి జరిగింది చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె పేజీ అంతా చూసి, "అర్థాలేవిరా?" అని మాత్రం అడిగింది. రాయలేదన్నాను. నన్ను వెంటబెట్టుకుని వచ్చి బాపమ్మ మంచం మీద కూర్చుంది.

ధైర్యం చెప్పలేదు. చీటీ ఊసే ఎత్తలేదు. కంజంక్టివైటిస్ అనే మాటను బాపమ్మకు గట్టిగా చదివి, ఎన్నక్షరాలో చెప్పమని నాతో అంది. చెప్పాను.

"పద్నాలుగా! అయ్యో, ఎవలికచ్చింది పాపం?" అంది బాపమ్మ.

"నీ మనుమనికే అవ్వా, మొన్న ఎండకాలం. మీ ఇంట్ల అందరికచ్చె. నాక్కూడ. కండ్లకలక!"

బాపమ్మ నా కళ్లలోకి చూసింది, అక్క కళ్లలోకి చూసింది. "కండ్లకలకకా గంత పేరు?" అని ఆగి, తనే మళ్లీ అంది: "మా తమ్మునికి షుగరు. గింతంతే పేరు. ఏండ్లాయె, ఇడుస్తలేదు."

అప్పుడు అక్క నా పెన్ను తీసుకుంది. "పొడుగు మాటను ఎనుకకెల్లి చదవాలెరా" అంటూ చీటీ మీది మాటను రెండు గీతలతో మూడు ముక్కలు చేసింది. ఐటిస్ అంటే వాపు. కాండ్ర్ అంటే మెత్తటి ఎముక. కాస్టో అంటే పక్కటెముక. "పక్కటెముక కాడ మెత్తటెముక వాసిందవ్వా. గుండె కాదు, గుండె చుట్టున్న గోడ."

"గీ ముక్క ఆ డాక్టరు చెప్పద్దా?"

"చెప్పే ఉంటరు. నువ్వు వీని మాట ఇంటివి గద!"

బాపమ్మ నావైపు తిరిగింది. "ఓరి పదిహేనక్షరాలోడా! పో, మీ అమ్మను అన్నం పెట్టుమను."

మర్నాడు నర్సంపేట నుంచి తమ్ముడు పరుగున వచ్చేసరికి బాపమ్మ గడపలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. "నాకచ్చింది పదిహేనక్షరాలది. నీ షుగరేపాటిదిరా?" అని ఆయన్నే ఎగతాళి చేసింది. పట్టుచీర చప్పుడు లేకుండా తిరిగి పెట్టెలోకి చేరింది. నొప్పి తగ్గడానికి ఇంకొన్ని వారాలు పట్టింది కానీ, దాన్ని తలచుకుని మళ్లీ ఎవరూ ఏడవలేదు.

ఆ రోజే నోటుబుక్కులో మూడో వరుస గీశాను. దానిపైన 'బాపమ్మకు చెప్పేది' అని రాశాను. కంజంక్టివైటిస్ ఎదురుగా 'కండ్లకలక' అని నింపాను. ఆ పేజీ పూర్తిచేయడానికి పక్కింటి అక్కను నెల రోజులు సతాయించాను.

ఇప్పుడు ఇంజనీరుగా రోజంతా పొడుగు పేర్లతోనే నా పని. యంత్రాల్లో లోపాల పట్టిక తయారుచేసినప్పుడు చివర ఒక వరుస అదనంగా గీస్తాను. ఆఫీసు కాగితంలో దాని పేరు 'వివరణ'. నాకు మాత్రం అది బాపమ్మ వరుసే. అది నిండేవరకు మొదటి వరుసలో రాసిన మాటను ఎవరికీ గట్టిగా చదివి వినిపించను.