పెట్టె రాని ఊరు

తెనాలిలో ఆదివారం పూట కలుసుకునే చదువరులం కొంతమందిమి ఉన్నాం. అందరూ రిటైరైన మాస్టార్లే, నేనొక్కణ్ణే కూలివాణ్ణి. ప్రజాస్వామ్యం ఎక్కడ పుట్టింది, ఎన్ని రకాలుగా ఉంటుంది అనేదాని మీద పిల్లలకు ఓ చిన్న పుస్తకం రాయమని వాళ్ళు నాకు పురమాయించారు. ఐదో తరగతితో బడి వదిలేసి, స్టేషనులో చేపల బుట్టలు దించుకుంటూ, మధ్యాహ్నాలు గ్రంథాలయంలో గడిపినవాణ్ణి. నన్ను నమ్మి అప్పగించారు. ఒప్పుకున్నాను. మొదటి పది పేజీలు సులువుగానే సాగాయి.

గ్రీసు దేశంలో ఏథెన్సు అనే ఊళ్ళో జనం కొండ మీద గుమికూడి, చేతులెత్తి నిర్ణయాలు చేసేవారని రాశాను. దాన్ని ప్రత్యక్ష ప్రజాస్వామ్యమంటారు. ఆడవాళ్ళకీ, బానిసలకీ, బయటి ఊళ్ళనుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళకీ అందులో చోటు లేదు. మన దేశంలో బౌద్ధ భిక్షువులు తమలో తేడా వస్తే పుల్లలు పంచి, ఎటువైపు ఎన్ని పడ్డాయో లెక్క చూసేవారు. తమిళదేశంలో ఒక ఊరివాళ్ళు తాటాకు ముక్కల మీద పేర్లు రాసి కుండలో వేసి, చేతికొచ్చిన పేరువాళ్ళని ఊరి సభకి ఎంచుకునేవారు. జనం పెరిగేకొద్దీ అందరూ ఒకచోట కూడడం కుదరక, తమ తరఫున మాట్లాడేవాళ్ళను ఎన్నుకోవడం మొదలైంది. అది ప్రాతినిధ్య ప్రజాస్వామ్యం. ఇంతవరకూ బాగానే రాశాను. తరవాత ‘ఏకాభిప్రాయం’ అని శీర్షిక పెట్టి కలం పక్కన పెట్టేశాను. ఆ మాట నేనొకసారి వాడాను. ఎవరి మీద వాడానో చెప్పకుండా ఆ పేజీ రాస్తే నేను దొంగనే.

మా అక్క మీద.

మా ఊరు రేపల్లె అవతల, సముద్రపు ఒడ్డున. అక్కని ఆ ఊళ్ళోనే ఇచ్చారు. బావ సముద్రంలోకి చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు. అప్పట్నించీ అక్క తెల్లారుజామున బుట్ట నెత్తినెత్తుకుని, బస్సెక్కి, బాపట్ల వీధుల్లో చేపలమ్మి కొడుకుని పెంచింది. వాడు పెద్దవాడై ఊరి పడవల్లో వేటకి వెళ్తున్నాడు.

మా ఊళ్ళో సర్పంచి ఎన్నికలకు ఏనాడూ ఓట్ల పెట్టె రాలేదు. ఊరి పెద్దలు రామాలయం ముందు కూర్చుని ఒక పేరు చెప్పి, ‘ఎవరికైనా అడ్డమా’ అని మూడుసార్లు అడుగుతారు. మూడుసార్లూ ఎవరూ మాట్లాడకపోతే ఊరంతా ఒప్పుకున్నట్టు. మగవాళ్ళు ఎదురుగా కూర్చుంటారు. ఆడవాళ్ళు వలలు ఆరేసిన గుంజల వెనక నిలబడతారు. అక్కడికి పేరు కూడా సరిగ్గా వినపడదు. పోటీ లేని ఊరని పై అధికారులు మెచ్చుకుంటారు. మెచ్చుకోరా మరి, వాళ్ళకేం పోయింది?

ఒకసారి సర్పంచి పదవి ఆడవాళ్ళకి కేటాయించారు. పెద్దల్లో ఒకాయన తన భార్య పేరు చెప్పించాడు. మూడుసార్లు అడిగారు, ఎవరూ పలకలేదు. మర్నాడు అక్క మండలాఫీసుకెళ్ళి నామినేషన్ వేసి వచ్చింది. తోడు వచ్చి, బలపరుస్తూ సంతకం పెట్టింది ఆవిడతో బుట్ట మోసే ఇంకో మనిషి.

అక్కకి కావలసింది ఒక్కటే. చేపలు ఎండబెట్టుకోవడానికి సిమెంటు దిమ్మ. ఇసకలో ఆరేస్తే వాన చినుకు పడినా, కుక్క దూరినా ఆ సరుకంతా పోతుంది. ఎన్నేళ్ళు అడిగినా, ఆడవాళ్ళ పని కదా, ఎవరికీ పట్టలేదు.

నామినేషన్లు వెనక్కి తీసుకునే గడువు ఇంకో రెండు రోజులుందనగా ఇద్దరు పెద్దలు తెనాలి వచ్చి నా ఇంట్లో కూర్చున్నారు. కాఫీ తాగారు. నా బీరువాలో పుస్తకాలు చూసి తెగ పొగిడారు. చివరికి వాళ్ళలో ఒకాయన అసలు సంగతికొచ్చాడు.

“బావా, మేం చెప్తే మొండికేస్తది. నువ్వు చదువుకున్నోడివి, నువ్వు చెప్తే వింటది మీ అక్క. ఊరు రెండు ముక్కలైతే రేపు మీ మేనల్లుణ్ణి ఏ పడవలో ఎక్కించుకుంటారు చెప్పు?”

బెదిరింపని తెలిసింది. తెలిసి కూడా, చదువుకున్నోడివన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. నలభై ఏళ్ళు బుట్టలు మోసినవాణ్ణి ఎవరూ అలా అనలేదు. మర్నాడు రేపల్లె బండెక్కాను.

అక్క వాకిట్లో కూర్చుని చేపలకి ఉప్పు పడుతోంది. మేనల్లుడి సంగతి ఎత్తితే భయపెట్టినట్టు ఉంటుందని, పుస్తకాల్లో చదివింది చెప్పాను. ఓట్లు వేయడమొక్కటే ప్రజాస్వామ్యం కాదనీ, లోకంలో దానికి చాలా రూపాలున్నాయనీ, అందరూ ఒకే మాట మీద ఉండే ఏకాభిప్రాయం అన్నిటికంటే గొప్ప రూపమనీ అన్నాను. ఎంత చక్కగా చెప్పానో. అక్క చేతులు ఆపకుండా విన్నది.

“అందరూ ఒప్పుకున్నదే అయితే నా దగ్గరికి ఎందుకొచ్చావురా?” అంది.

అప్పుడు పడవ సంగతి చెప్పాను. అది ముందే చెప్పినా బాగుండేది, కనీసం అబద్ధం కలవకుండా ఉండేది. అక్క ఉప్పు చెయ్యి కొంగుకి తుడుచుకుంది. మర్నాడు మండలాఫీసులో, నేను పక్కన నిలబడి ఉండగా, ఉపసంహరణ కాగితం మీద సంతకం పెట్టింది. ఆ సంతకం పెట్టడం చిన్నప్పుడు నేనే నేర్పాను.

మేనల్లుడు వేటకి వెళ్తూనే ఉన్నాడు. ఆ సర్పంచి గారు ఏనాడూ ఆఫీసు గడప తొక్కలేదు, భర్తే తొక్కాడు. దిమ్మ రాలేదు. ఆ తరవాతి ఎన్నికలప్పుడూ మూడుసార్లు అడిగారు.

నిరుడు అక్కకి గుండె జబ్బు చేసి బాపట్ల ఆసుపత్రిలో ఉంది. నేను వెళ్ళి కూర్చునేవాణ్ణి. ఒక మధ్యాహ్నం ఆవిడే ఎత్తింది, అన్నేళ్ళకి మొదటిసారి.

“పోటీలో ఉంటే గెలిచేదాన్నంటావా?”

“గెలిచేదానివే అక్కా.”

“నువ్వు చెప్పకు. నీకేం తెలుసు?” అంది. “ఓడిపోతే ఓడిపోయేదాన్నిరా. నా పక్కన ఎంతమందున్నారో తెలిసేది.”

ఓదార్చబోయాను. అక్క గోడవైపు తిరిగి పడుకుంది. నాలుగు రోజులకి పోయింది.

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక నేను పాకలో కూర్చుంటే, అక్కతో బుట్ట మోసిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి పలకరించారు. నడివయసావిడ ఒకామె గొంతు తగ్గించి, “నేను పిన్నికే ఓటేద్దామనుకున్నా మావయ్యా” అంది. వెనక నిలబడ్డామె “నేనూ అంతేనండి” అంది. ఆ తరవాత వచ్చినామె కూడా అదే మాట. ఒకరి మనసులో మాట ఇంకొకరికి అప్పటిదాకా తెలియదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. తొమ్మిది దాకా వచ్చి ఆపేశాను. వినవలసిన మనిషి పోయాక నేనెవర్ని లెక్కపెట్టడానికి?

అంతమంది అక్కకి తోడున్నారు. ఆ సంగతి తెలియకుండానే ఆవిడ బస్సుల్లో తిరిగింది, ఇసకలో చేపలు ఆరేసుకుంది, పోయింది. ఆ పెట్టె వచ్చి ఉంటే ఒక్క పూటలో తెలిసిపోయేది. దాన్ని రానివ్వకుండా ఆపింది ఊరి పెద్దలే కాదు, ఏథెన్సు సంగతులు కంఠతా వచ్చిన నేను కూడా.

మాస్టార్లు పుస్తకం ఏమైందని అడుగుతున్నారు. ఏకాభిప్రాయం గురించి రాయవలసిన పేజీలో ఇదంతా రాసి ఇస్తున్నాను. పిల్లలకి ఇది ఎందుకని వాళ్ళు కొట్టేస్తే, మిగతా పది పేజీలు కూడా వెనక్కి తీసుకుంటాను.