చేతికి అందని కిటికీ

పలాస స్టేషన్ వెయిటింగ్ హాల్లో నా పక్కన కూర్చున్నాయనది డొంకూరు అనే సముద్రపు పల్లె. చేపల పడవ మానేసి, సముద్రంలోని చమురు రిగ్గు మీద వంట చేస్తున్నాడు. అక్కడికి హెలికాప్టర్లోనే రాకపోకలు. ఇప్పుడు తిరుగుతున్న రెండు రకాలను పోల్చి, ఏది భద్రమో కంపెనీకి చెప్పే నివేదిక నా ఒళ్లో ఉంది. మొదటి రకం తక్కువసార్లు కూలింది కనుక అదే మంచిదని రాశాను. ఆయనకూ గొప్పగా అదే చెప్పాను.

"నీళ్లలో పడ్డాక ఎంతమంది బయటికొచ్చారు బాబూ?"

"అది లెక్కలో లేదు."

"ఇదేటి లెక్క! పడవ ఎన్నిసార్లు తిరగబడిందని మా ఊళ్లో ఎవుడూ అడగడు. మనుసులు ఒడ్డుకొచ్చారా అనడుగుతారు."

కళ్లు మూసుకుని, చేత్తో పక్క గోడ తడిమాడు.

"ఎక్కగానే ఇలా సూసుకుంతాను. మునిగితే చీకట్లో కిటికీ తడుముకునే బయటపడాల. నువ్వు మంచిదన్నదాన్లో నడుమ సీటోడికి కిటికీ అందదు."

తప్పు ఒప్పుకోవడం నామోషీ అనిపించి, నివేదికను మార్చకుండానే ఇచ్చేశాను. కంపెనీ మొదటి రకాన్నే ఉంచుకుంది. ఆయన అందులోనే తిరుగుతున్నాడు.

మొన్న వెళ్లి ఆ నడుమ సీట్లో బెల్టు పెట్టుకుని, కళ్లు మూసుకుని చేయి చాపాను. కిటికీ అందలేదు.

నా నివేదిక తప్పని రాసి, ఇవాళ సంతకం చేసి కంపెనీకి పంపాను. ఆ సీటు తీసేసేదాకా పంపుతూనే ఉంటాను.