తడి చెయ్యి, పొడి చెయ్యి

సిద్దిపేట నేతగాళ్ల వాడలో అద్దకం సిద్ధిరాములు ఇల్లు ఎవరినడిగినా చూపిస్తారు. మొండివాడు సుమా అని చెప్పి మరీ చూపిస్తారు. నలభై ఏళ్లుగా నూలుకు నీలం అద్దుతున్న మనిషి. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు.

ఆ షెడ్డుకొక కట్టుబాటు ఉంది. పనికి ఇద్దరుండాలి. తొట్టిలో నూలు తిప్పేవాళ్లది తడి చెయ్యి. హైడ్రోస్ అనే తెల్లపొడి తీసి తొట్టిలో వేసేవాళ్లది పొడి చెయ్యి. ఆ పొడి లేనిదే నూలుకు నీలం పట్టదు. కానీ అది మహా కోపిష్టిది. నిండు తొట్టిలో పడితే గుట్టుగా కరిగిపోతుంది. అదే డబ్బాలో ఉండగా నాలుగు నీటిచుక్కలు పడ్డాయా, పొగలు కక్కి అంటుకుంటుంది. అందుకే ముప్పై ఏళ్లు సిద్ధిరాములు ఆ పొడిని ముట్టలేదు. ముట్టింది ఆయన భార్య జ్ఞానేశ్వరి. ఆమె చేతులు తుడుచుకునే తువాలు గుమ్మం పక్క మేకుకు వేలాడేది.

పోయిన దసరా ముందు జ్ఞానేశ్వరి గుండెపోటుతో పోయింది. తువాలు మేకుకే ఉండిపోయింది. కొడుకు పొద్దున్నే డ్యూటీకి పోతాడు. ఇంట్లో జాకెట్లు కుట్టే కోడలు రజిని మాత్రం "నేనొస్త మామా" అని రెండుసార్లు అడిగింది. "నీ మిషిను నువ్వు చూస్కో" అని షెడ్డు తలుపేసుకున్నాడు. అప్పటినుంచి చొక్కాకు చేతులు తుడుచుకుంటూ రెండు పనులూ తనే చేస్తున్నాడు.

ఆ ఏప్రిల్ మధ్యాహ్నం తొట్టిలో ఆరు కిలోల నూలుంది. గొల్లభామ చీరలకు పోవలసిన నూలు. "పోయినసారి మచ్చలొచ్చినయి. గీసారి గూడ వస్తే రంగుపని హైదరాబాదుకు పంపుతం" అని చేనేత సంఘంవాళ్లు మొహం మీదే చెప్పారు.

సరిగ్గా సగం పనిలో పాత డబ్బా ఖాళీ అయింది. పచ్చపసుపుగా ఉండాల్సిన నీళ్లమీద ఒక మూల నీలం తెట్టు మొదలైంది. అది తొట్టంతా పాకితే నూలు మచ్చలు పడ్డట్టే. పావుగంటకు మించి వ్యవధి లేదు. కొత్త పొడి పాతిక కిలోల ప్లాస్టిక్ బకెట్లో గోడవార ఉంది. గాలి తగిలితే చెడుతుందని దాన్ని ముందుగా తెరవరు.

చేతులు తుడుచుకుని మూత అంచునున్న పట్టీ లాగాడు. సగంలోనే పుటుక్కున తెగింది. రెండు అరచేతులతో పైకి గుంజాడు. మూత కదల్లేదు. చలికాలం నుంచీ ఆయన వేళ్ల కణుపులు వాచి ఉన్నాయి, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. స్క్రూడ్రైవరు దూర్చి ఒకే చోట బలంగా ఎత్తాడు. మూత రాలేదు సరికదా, గోరు వెడల్పున పగులు పడింది. ముక్కు కొసన చెమట చుక్క వేలాడుతోంది. గభాలున వెనక్కి జరిగాడు. ఇంత బతుకు బతికి ఇంటెనక చచ్చినట్టు, ఒక మూత ముందు ఓడిపోతున్నానా అని ఏడుపొచ్చింది. వెనక తెట్టు సగం తొట్టి దాటింది.

చప్పుడు విని, తలుపు సందులోంచి మూత సంగతి చూసి పోయిన రజిని మళ్లీ వచ్చింది. చేతిలో పొగలొచ్చే చెంబు. పచ్చడి సీసా మూత బిగుసుకుంటే ఏ ఇంట్లోనైనా చేసేదే.

"వేడినీళ్లు పోస్తే వదులైతది, జరుగు మామా" అంటూనే చెంబు వంచేసింది.

మాట్లాడే సమయం లేదు. సిద్ధిరాములు రెండు ముంజేతులూ పగులు మీద అడ్డం పెట్టాడు. నీళ్లు చేతులమీద పడి నేలమీదికి కారాయి.

"నిప్పంటుకుంటదే! దూరం పో!"

చెంబు చేజారింది. ఆయన చేతులు ఎర్రగా కందిపోయాయి. రజిని రెండడుగులు వెనక్కి వేసింది, వెంటనే కోపమూ వచ్చింది.

"నాకెవరు చెప్పిన్రు మామా? అడిగితె తలుపేస్తివి. చెప్పకపోతె నాకెట్ల తెలుస్తది?"

సిద్ధిరాములు చెంబును కాలితో దూరంగా తోశాడు. తప్పు తనదే. ఇంకొక్క క్షణం ఆలస్యమైతే ఈ పిల్ల కాలిపోయేది.

"నా వేళ్లల్ల సత్తువ లేదు బిడ్డా. మీ అత్త జాగల ఇంకొకర్ని చూడలేక నిన్ను రానియ్యలే. రా. ముందు ఆ తువాలుతోని చేతులు తుడుచుకో."

రజిని మూతను ఒకసారి తేరిపార చూసి, పరుగున పోయి గుడ్డలు కత్తిరించే పెద్ద కత్తెర తెచ్చింది. తువాలుతో చేతులు, కత్తెర, మూత పొడిగా తుడిచింది. జాకెట్ మెడ వంపు తిరగాలంటే అంచుకు గాట్లు పెట్టాలి, లేకపోతే గుడ్డ మాట వినదు. అలాగే మూత అంచుకు రెండేసి వేళ్ల దూరాన గాట్లు పెట్టుకుంటూ బకెట్ చుట్టూ తిరిగింది. తర్వాత స్క్రూడ్రైవరుతో ఒక్కొక్క ముక్కే మెల్లగా ఎత్తసాగింది. ఒకటి, రెండు, ఐదు. తొట్టిలో ఇంక చాపంత పచ్చదనమే మిగిలింది. పదో ముక్క దగ్గర మూత టప్పున లేచింది.

అలవాటుకొద్దీ సిద్ధిరాములు పొడి తీసే గరిటెకు చెయ్యి చాచాడు.

"మామా! నీ చేతులు తడి."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఎన్ని?" అంటూ రజిని గరిటె అందుకుంది.

"రెండు గరిటెలు. చల్లు, ఒక్కకాడ పొయ్యకు."

ఆమె చల్లింది, ఆయన తిప్పాడు. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత తెట్టు పలచబడి, చీలి, అడుగునుంచి పచ్చదనం పైకి వచ్చింది.

సమయం చూసి కర్రతో నూలు ఎత్తి దండెం మీద వేశాడు. గాలి తగలగానే పచ్చపసుపు నూలు కళ్లముందే నీలమైంది. నూలు చుట్టలు, ఆ చిలపలన్నీ విప్పి రెండుసార్లు చూశాడు. ఎక్కడా మచ్చ లేదు.

రజిని తువాలు దులిపి మేకుకు తగిలించబోయింది.

"గాడ పెట్టకు బిడ్డా" అన్నాడు సిద్ధిరాములు. "నీ భుజం మీదనే ఉండనీ. రేపు ఇంకో తొట్టి ఉన్నది."