లేని పదిహేడు రాళ్లు

తార్నాక చౌరస్తాలో ఒక ఇరానీ హోటలు మెట్ల కింద గాజు డబ్బా పెట్టుకుని వాచీలు బాగుచేసే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. ఆయన నా వాచీలోంచి పదిహేడు రాళ్లు కొట్టేశాడని అరవైల చివర్లో మా హాస్టలంతా నమ్మింది. అప్పటి కుర్రాళ్లు ఇప్పుడు జుట్టు నెరిసిన ఆఫీసర్లు, లెక్చరర్లు. ఇప్పటికీ అదే నమ్ముతున్నారు. ఆయన ఒక్క రాయి కూడా తీయలేదు. ఆ సంగతి నాకు ఆ రోజే తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ వాచీని నేను పాత సామాన్లమ్మే జుమ్మేరాత్ బజార్లో కొన్నాను. పాత తాళంచెవుల కుప్పకూ ఒక ఒంటి చెప్పుకూ మధ్య పడి ఉంది. రెండు సినిమాలూ ఒక మసాలా దోసె మానుకుంటే సరిపోయే ధరకు వచ్చింది. డయలు మీద పేరు సగం చెరిగిపోయి, మిగిలిన అక్షరాలు ఏ దేశానికైనా పనికొచ్చేట్టు ఉన్నాయి. రోజుకు ఇరవై నిమిషాలు వెనకబడేది. చప్పుడు మాత్రం గోడ గడియారం చప్పుడు. లైబ్రరీలో కూర్చుంటే ఎదుటి బల్ల వాళ్లు తలలెత్తి చూసేవాళ్లు.

హాస్టల్లో నా గదిలో ఉండే మిత్రుడు నల్గొండ వైపు పల్లెనుంచి వచ్చినవాడు. మంచివాడు, ఏం చెప్పినా నమ్మేవాడు. మొదటిరోజే అడిగాడు.

“ఏందిరా, గింత సప్పుడు?”

“లోపల రాళ్లున్నాయి. పదిహేడు.”

ఖరీదైన వాచీల మీద ‘17 జ్యూయెల్స్’ అని రాసి ఉండటం ఎక్కడో చూశాను. రాళ్లంటే ఏమిటో నాకూ తెలియదు. వాడు వాచీని చెవికి ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు.

“కెంపులా?”

“కెంపులే.”

“ఏడికెల్లి వచ్చింది?”

“మా మామయ్య సింగపూర్ నుంచి తెచ్చాడు.”

మా మామయ్య బెజవాడ దాటి ఎన్నడూ పోలేదు.

సాయంత్రానికల్లా పక్క గదులవాళ్లు వచ్చారు, ఆదివారానికి పక్క హాస్టలువాళ్లు. అప్పుడు నాకొక సంగతి బోధపడింది. వస్తువు గొప్పది కావాలంటే దాన్ని బాగా చేయనక్కర్లేదు, బాగా దాచాలి. సబ్బు పెట్టెలో దూది పరిచి, వాచీని అందులో పెట్టి, ట్రంకులో అడుగున ఉంచాను. అడిగిన వెంటనే చూపించేవాణ్ణి కాదు. “ఇప్పుడు కాదు, విశ్రాంతిలో ఉంది” అనేవాణ్ణి. వాచీకి విశ్రాంతేమిటని ఒక్కడూ అడగలేదు సరికదా, గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లు.

మా హాస్టల్లో ఇంటర్వ్యూకు వెళ్లేవాడికి తలా ఒకటి ఇచ్చి పంపించడం ఆనవాయితీ. ఒకడి తెల్లచొక్కా, ఒకడి బూట్లు, ఇంకొకడి బెల్టు. ఆ జాబితాలోకి నా వాచీ ఎక్కింది. ఇవ్వక తప్పలేదు కాబట్టి షరతులు పెట్టాను. కీ నేనే ఇస్తాను. ఎండ తగలకూడదు, పైన చేతిరుమాలు చుట్టుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, దారిలో ఎవరైనా టైమెంత అని అడిగితే చెప్పకూడదు.

“మరి వాచీ ఎందుకురా?” అన్నాడు ఒకడు.

నా మిత్రుడే వాడి మీద విరుచుకుపడ్డాడు. “నీ అసుంటోళ్లకు టైం చెప్పనీకెనా సింగపూర్ నుంచి తెచ్చింది? టైం కావాల్నంటే హోటల్ల గడియారం లేదా?”

ఆ ముక్కతో నా వాచీ విలువ ఎక్కడికో వెళ్లిపోయింది. టైము చూడటానికి కాని వాచీ మా అందరిలో నాకొక్కడికే ఉంది.

కొన్నాళ్లకు మిత్రుడికే తార్నాక అవతల ఒక పరిశోధనశాల నుంచి ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. చొక్కా, బూట్లు, రుమాలు చుట్టిన వాచీ, అన్నీ వేసుకుని రెండు గంటలు ముందే బయలుదేరాడు. ఇంటర్వ్యూ బాగానే జరిగింది. బయటికొచ్చి రుమాలు విప్పి చూస్తే వాచీ ఆగిపోయి ఉంది. ఎండ తగిలిందని వాడు హడలిపోయి, నాకు చెప్పే ధైర్యం లేక, నేరుగా మెట్ల కింది పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్లాడు.

మధ్యాహ్నం నేను మెస్సులో పప్పు కలుపుకుంటుండగా పరుగున వచ్చాడు.

“రాళ్లు పోయినయ్‌రా! ఆ ముసలాయన మూత తీసిండు. నా కండ్ల ముందటనే తీసిండు. తీసి, గిందుల రాళ్లే లేవంటున్నడు!”

మెస్సంతా లేచింది. చేతులు కడుక్కోవడం కూడా అవకుండా పన్నెండుమంది బయలుదేరారు. వాచీ సొంతదారుని కాబట్టి నన్ను ముందు నడిపించారు. కాంపస్ నుంచి తార్నాక దాకా ఆ దారి ఎన్నడూ అంత పొట్టిగా అనిపించలేదు.

పెద్దాయన కంటికి భూతద్దం పెట్టుకుని పనిలో ఉన్నాడు. మమ్మల్ని చూసి తీశాడు. కంటి చుట్టూ గుండ్రంగా అచ్చు పడి ఉంది.

“రాళ్లు బయటికి తియ్యి, తాతా!” అన్నాడు మావాళ్లలో ఒకడు.

“ఏ రాళ్లు బిడ్డా? గిందుల రాళ్లు లేవు. ఎన్నడు లేవు. ఇది పిన్నుల వాచీ, రాళ్ల జాగల ఉక్కు పిన్నులే ఉంటయ్.”

“పొద్దున పదిహేడు ఉండె! నేను చెవిల పెట్టుకొని ఇన్న!” అన్నాడు నా మిత్రుడు.

పెద్దాయన నవ్వలేదు. సొరుగు లాగి, స్క్రూలూ స్ప్రింగులూ ఉన్న రేకు పళ్లెం మా ముందు బోర్లించాడు. ఇంకో వాచీ విప్పి, సన్నటి పట్టకారుతో ఎర్రటి చుక్కనొకదాన్ని పట్టుకుని చూపించాడు. ఉప్మా రవ్వలో సగం కూడా లేదు.

“రాయంటే గిది. పదిహేడు కలిపినా ఒక చాయ్ రాదు. దొంగతనం చేస్తె, గీటి కోసం చేస్తనా? ముప్పయ్యేండ్లాయె గీడ కూసోబట్టి.”

హోటల్లోంచి చాయ్ కప్పులతోనే జనం బయటికొచ్చారు. వాళ్లంతా ఆయన ఖాతాదారులే. ఆయన వాళ్లకేసి చూడలేదు. నావైపు చూశాడు.

“వాచీ నీదా బిడ్డా? నువ్వు జెప్పు. మూత తీసి ఎన్నడన్న చూసినవా?”

‘లేదు, లేవు’ అంటే సరిపోయేది. రెండు మాటలు. నోరు తెరిచాను. పన్నెండు జతల కళ్లు, వాటిలో నా మిత్రుడివి నీళ్లతో ఉన్నాయి. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది:

“పోనీలెండర్రా. పెద్దాయన. క్షమించేద్దాం.”

నా వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. “ఎంత మంచి మనసురా నీది!” అంటూ మిత్రుడు నన్ను కౌగలించుకున్నాడు. చాయ్ కప్పులవాళ్లు పెద్దాయనకేసి మరో రకంగా చూడటం వాడి భుజం మీదుగా నాకు కనిపించింది. ఆయనకు అంతా తెలిసిపోయింది. నా చేతిలో వాచీ పెట్టి మెల్లగా అన్నాడు.

“బాగ చేసిన. కీ జెర తక్కువియ్యి.”

పైసా తీసుకోలేదు. అది కూడా ఆయన తప్పు ఒప్పుకున్నట్టే లెక్క అన్నారు మావాళ్లు.

ఆ తర్వాత హాస్టలువాళ్లెవరూ ఆయన దగ్గరికి పోలేదు. వాచీ పాడైతే నల్లకుంట దాకా వెళ్లేవాళ్లు. ఆయనకు ‘కెంపుల తాత’ అని పేరు పెట్టారు. నా వాచీ మాత్రం అప్పటినుంచి ఒక్క నిమిషం తప్పలేదు. “రాళ్లు పోయినా గిట్ల నడుస్తున్నదంటె, ఉన్నప్పుడు ఎట్లుండెనో!” అని దాన్ని చూడటానికి ఇంకా ఎక్కువమంది వచ్చారు. నేను రెండేళ్లపాటు తార్నాక చౌరస్తా ముఖం చూడకుండా విద్యానగర్ మీదుగా చుట్టు తిరిగాను. చివరికి పరీక్షలయ్యాక ధైర్యం చేసి వెళ్లాను. మెట్ల కింద గాజు డబ్బా లేదు. ఎటు పోయాడో తెలియదన్నాడు హోటలు కౌంటర్లో అతను.

పోయిన నెల పాత మిత్రులం కలుసుకున్నాం. నా మిత్రుడు తన పిల్లలకు కెంపుల తాత కథ చెప్పాడు. అందరూ నవ్వారు. అలవాటుకొద్దీ నేనూ నవ్వాను. తర్వాత వాణ్ణి వరండాలోకి తీసుకెళ్లి అంతా చెప్పేశాను. జుమ్మేరాత్ బజారు, తాళంచెవుల కుప్ప, బెజవాడ మామయ్య, అన్నీ.

వాడు నా రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్లు తుడుచుకున్నాడు.

“నీ మనసు ఇంక మారలేదురా,” అన్నాడు. “ఇన్నేండ్లయినా ఆ ముసలాయన్ని కాపాడాలనే చూస్తున్నవ్.”

ఎంత చెప్పినా వినలేదు. లోపలికి పోయి ఆ మాట కూడా అందరికీ చెప్పాడు. మళ్లీ చప్పట్లు కొట్టారు.

అచ్చులో పడితేనైనా నమ్ముతాడేమోనని ఇలా రాస్తున్నాను.