రెండో సాక్ష్యం

ఆ ఏడు మిరప కోతలు మొదలైన రోజున కొండమ్మ చేలో దిగలేదు. "నేను కల్లంలో కూర్చుని తెల్లబడ్డ తాలుకాయలు ఏరతాలే, మీరు సాళ్ళు పట్టుకోండి" అంది. ముఠాలో ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నల్లపాడు దాటి ఆరేడు కిలోమీటర్లు లోపలికి పోతే వచ్చే ఆ ఊళ్ళో, ఎవరి చేలో మిరప ఎర్రబడినా ముందు కబురు వెళ్ళేది కొండమ్మకే. పదహారేళ్ళుగా ముఠాను నడిపిస్తున్న మనిషి. ముందు సాలు ఎప్పుడూ ఆమెదే, వెనక మిగతావాళ్ళు ఉరుకులు పెట్టాల్సిందే. నోరూ అంతే జోరు. గట్టు మీద గొడుగేసుకుని కూర్చుని "త్వరగా, త్వరగా" అని తొందరపెట్టే రైతును, "ఆ గొడుగు నాకిచ్చి నువ్వు దిగవయ్యా, ఇంకా త్వరగా అయిపోద్ది" అన్న ఘనత ఆమెది. అలాంటి మనిషి కల్లంలో కూర్చుంటానంటే ఎవరికైనా అనుమానం రావాలి. ఎవరికీ రాలేదు. కొండమ్మ జబ్బు పూర్తిగా నయమైపోయిందని ఊరంతా ఆమె నోటితోనే విన్నది మరి.

జబ్బు సంగతి రెండు వేల ఒకటిలో బయటపడింది. ఎడమ రొమ్ములో గడ్డ. గుంటూరులో ఒక నర్సింగ్ హోమ్ పెద్ద డాక్టరు ఆపరేషన్ చేసి తీసేశాడు. ఆ తర్వాత సూదులేశారు, కరెంటు పెట్టారు. జుట్టంతా ఊడిపోయి, మళ్ళీ పిల్లల జుట్టులా మెత్తగా మొలిచింది. "అంతా తీసేశామమ్మా, ఇంక నీకేం భయం లేదు" అన్నాడు డాక్టరు. కొండమ్మ ఆయనకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి, ఇంటికొచ్చి, మొదటి ఆదివారమే మందిరంలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది.

ఎవరికైనా మేలు జరిగితే మందిరంలో నలుగురి ముందూ లేచి చెప్పుకోవడం ఆ పేటలో ఆనవాయితీ. పిల్లాడికి జ్వరం తగ్గినా చెబుతారు, తప్పిపోయిన గేదె దొరికినా చెబుతారు. కానీ కేన్సర్ తగ్గిందని చెప్పినవాళ్ళు అంతకుముందు లేరు. పైగా కొండమ్మ చెబితే వినబుద్ధేస్తుంది. పాస్టర్ ఇమ్మానుయేలు గారు కళ్ళు తుడుచుకున్నారు. ఆ వేసవిలో చుట్టుపక్కల పేటల్లో ఎక్కడ కూటాలు జరిగినా తెల్లచీర కట్టించి ఆమెను వెంటబెట్టుకుని వెళ్ళారు. మైకు, జనం, "హల్లెలూయ" అని కేకలు. కొండమ్మకు అవన్నీ నచ్చాయి. పుట్టి బుద్ధెరిగాక ఆమె మాట అంతమంది కుదురుగా విన్నది అప్పుడే. ఎవరికి మాత్రం నచ్చదు?

అయితే ఒక తప్పు జరిగింది. మొదట చెప్పినప్పుడు ఆపరేషన్ ఉంది, డాక్టరు ఉన్నాడు, సూదులున్నాయి. నాలుగు ఊళ్ళు తిరిగేసరికి సూదులు ఎగిరిపోయాయి. ఇంకో రెండు ఊళ్ళకు డాక్టరు "మా వల్ల కాదు" అన్నవాడయ్యాడు. ఆఖరికి ఆపరేషన్ కూడా పోయి, గడ్డా ప్రార్థనా మాత్రమే మిగిలాయి. ఆమె పనిగట్టుకుని అబద్ధమాడలేదు. జనం ఎక్కడ గట్టిగా హల్లెలూయ అంటే అక్కడ మాట సాగింది, ఎక్కడ చప్పబడితే అక్కడ తెగింది. అంతే.

రెండేళ్ళు బాగానే గడిచాయి. ఆ తర్వాత వెన్నులో నొప్పి మొదలైంది.

మొదట్లో పని నొప్పే అనుకుంది. ఆ తర్వాత అనుకోలేకపోయింది. డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన ఆమెను చూడగానే సంతోషించాడు, నొప్పి సంగతి మాత్రం వినలేదు. బల్ల ముందు కూర్చున్న ఎవరో కొత్త పేషెంటుకు చూపించి, "ఈమెను చూడండి, ఎంత దిట్టంగా ఉందో, మీకూ ఇలాగే తగ్గుతుంది" అన్నాడు. ఇక్కడ కూడా సాక్ష్యమే. "వెన్నులో పోటండీ" అని కొండమ్మ గొణిగితే, "వంగి పనిచేసేవాళ్ళకు మామూలేనమ్మా" అని కాల్షియం బిళ్ళలు రాశాడు. ఆరు నెలల్లో నాలుగుసార్లు వెళ్ళింది. నాలుగుసార్లూ అవే బిళ్ళలు. ఒక్కసారి కూడా ఎక్స్‌రే ఫోటో తీయించలేదు. కొండమ్మ కూడా గట్టిగా అడగలేదు. రైతుల మీద లేచే నోరు తెల్లకోటు ముందు లేవదు. దానికి తోడు, అడిగితే ఏం చెబుతాడో ఆమెకు లోపల తెలుసు.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం, పొద్దు వాలుతుండగా, మందిరం మైకులో ఆమె గొంతే వినబడింది. కూటానికి జనం పోగవడానికి పాస్టర్ గారు పాటలతోపాటు కొండమ్మ సాక్ష్యం క్యాసెట్టు కూడా వేస్తుండేవారు. "ఇవాళ నా ఒంట్లో ఆ జబ్బు ఆనవాలు కూడా లేదు" అంటోంది మైకు. పక్కకు తిరగలేక, పళ్ళు బిగబట్టుకుని నులకమంచం మీద పడి ఉన్న కొండమ్మ "నోరు ముయ్యవే" అంది.

గుమ్మంలో కూర్చున్న ఆమె భర్త ఆదాం తిరిగి చూశాడు. రోజుకు పది మాటలకు మించి మాట్లాడని మనిషి. లేచి వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు.

"ఎన్నాళ్ళ నుంచే?"

"వినాయక చవితప్పటి నుంచి."

"ఇంకో డాక్టరుకు చూపిద్దాం."

"చూపిస్తే జబ్బు మళ్ళీ లేచిందని తెలిసిపోద్ది. ఇన్ని ఊళ్ళు తిరిగి చెప్పొచ్చాను గదయ్యా. దేవుడి పేరు పోదా?"

ఆదాం మంచం పట్టె మీద కూర్చున్నాడు. "దేవుడికి నీ నొప్పి తెలవదనుకుంటున్నావా? తెలవంది మాకే" అన్నాడు. ఆ మాటకు కొండమ్మ ఏడ్చింది. నొప్పికి ఏడవని మనిషి దానికి ఏడ్చింది.

శుక్రవారం ఉపవాస ప్రార్థన. మందిరంలో పాతికమంది ఆడవాళ్ళు, ముందు పాస్టర్ గారు. సాక్ష్యాలు ఎవరైనా ఉన్నాయా అని ఆయన అడగ్గానే కొండమ్మ గోడ పట్టుకుని లేచింది. జనం మొహాలు విప్పారాయి.

"నాకు తగ్గలేదు" అంది. "మళ్ళీ వచ్చినట్టుంది. వెన్నులో. ఆరు నెలలైంది, సిగ్గేసి చెప్పలేదు. ఇంకోటి. నాకు ఆపరేషన్ చేశారు, సూదులేశారు. అవి చెప్పడం మానేశాను. అది తప్పు. ఇంక నాకు ఓపిక లేదు, అబద్ధం మొయ్యలేను." ఇంకేదో చెప్పాలనుకుంది గానీ వెన్ను నిలవక కూర్చుండిపోయింది.

వెనక నుంచి ఒకామె, "విశ్వాసం తగ్గుంటది" అని గొణిగింది. కొండమ్మ తల ఇంకా కిందికి వాలింది. ఇదే భయం ఆమెను ఆరు నెలలు తిన్నది. అప్పుడు ముఠాలో అందరికంటే పెద్దది, డెబ్బై దగ్గర పడుతున్నా ఇంకా కోతకు వచ్చే సారమ్మ లేచింది. ముందు వెనక్కి తిరిగి, "తగ్గితే తగ్గింది, నీ దగ్గరుంటే కొంచెం అప్పియ్యి" అంది. తర్వాత వచ్చి కొండమ్మ పక్కన చతికిలబడి, వీపు మీద చెయ్యి వేసింది.

"ఎక్కడే? ఇక్కడా? ఈ నొప్పి పెట్టుకుని మాకు కల్లం కబుర్లు చెప్పావా పిచ్చిదానా? పొరుగు చేలో కాయ పుచ్చితే ఊరంతా చెప్పేదానివి, నీ ఒళ్ళు పుచ్చితే చెప్పకపోతివే!"

కొందరు నవ్వారు, కొందరు ఏడ్చారు. పాస్టర్ గారు తల వంచుకుని, "నిన్ను ఊరూరా తిప్పింది నేనేనమ్మా. సిగ్గుపడితే నేనూ పడాలి" అన్నారు. ఆ తర్వాత ఆ క్యాసెట్టు మైకులో వినబడలేదు.

మర్నాటి నుంచి ముఠా పని ముఠా చేసింది. ఎవరినీ ఎవరూ అడగలేదు. కోతకు వెళ్ళేటప్పుడు ఎవరు ముందు, ఎవరు వెనక అని సాళ్ళు పంచుకున్నట్టే పంచుకున్నారు. ఒకరు గుంటూరు తోడు వెళ్ళాలి, ఒకరు కొండమ్మ ఇంట్లో అన్నం వండాలి, ఒకరు నీళ్ళు తోడాలి. ఇన్నాళ్ళూ ఎవరు ఏం చెయ్యాలో చెప్పిన కొండమ్మ ఇప్పుడు మంచం మీద నుంచి చూస్తూ ఉంది. ఒకళ్ళ చేత చేయించుకోవడం ఆమెకు చేతకాదు, ఒళ్ళంతా బిగుసుకుపోయేది. "నీళ్ళు నేను తెచ్చుకుంటాలే" అంటే సారమ్మ, "తెచ్చుకో, దార్లో పడితే నిన్ను కూడా మోసుకొస్తాం" అనేది.

గుంటూరులోనే ఇంకో ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ ఉందని పాస్టర్ గారు కనుక్కున్నారు. పాత కాగితాలు, గడ్డ ముక్క పరీక్ష రిపోర్టు తెమ్మందామె. అంటే పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళి అడగాలి. కొండమ్మకు మందిరంలో లేవడం కంటే ఇదే కష్టమనిపించింది. చేసిన మేలు మరిచినట్టవుతుందని బాధ. సారమ్మను వెంటబెట్టుకుని వెళ్ళింది.

ఆయన మొహం మాడిపోయింది. "అంటే నా మీద నమ్మకం పోయిందా?" అన్నాడు.

కొండమ్మ నేల చూపులు చూస్తోంది. సారమ్మ అందుకుంది. "నమ్మకం ఉంది బాబూ. నొప్పి కూడా ఉంది. నమ్మకానికి మీరున్నారు, నొప్పికి ఇంకొకరిని చూసుకుంటాం."

ఆయనకు కోపమొచ్చిందో, ఏమనిపించిందో, గంట కొట్టి కాగితాలు తెప్పించి బల్ల మీద పడేశాడు. గుమ్మం దాటుతుంటే, "వెన్ను ఫోటో తీయించమను" అని చిన్నగా అన్నాడు. ఆ మాట ఆరు నెలల ముందు అని ఉంటే ఎంత బాగుండేది! కొండమ్మ ఆ సంగతి ఎవరితోనూ అనలేదు, కానీ మరిచిపోనూ లేదు.

డాక్టరమ్మ ఫోటోలు తీయించి, వారం తర్వాత రమ్మని, ఆదాంను కూడా కూర్చోబెట్టి చెప్పింది. వెన్నెముకలోకి పాకింది. ఇంక పూర్తిగా నయం చేయడం కుదరదు. నొప్పి మాత్రం తగ్గించవచ్చు, నడవగలిగినన్నాళ్ళు నడిచేలా చూడవచ్చు.

"ఎన్నాళ్ళుంటానమ్మా?"

"కచ్చితంగా ఎవరూ చెప్పలేరు. ఏడాది అనుకోండి. తక్కువ కావచ్చు కూడా."

బయట వరండాలో ఆదాం గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. కొండమ్మకు మాత్రం వింతగా, ఎండలో తల మీది గంప ఎవరో దించినట్టు అనిపించింది. చచ్చిపోతానని తెలిసి తేలికపడటమేమిటని తనను తాను తిట్టుకుంది కూడా. రోజంతా ఆసుపత్రిలో కూర్చుని కూర్చుని ఆమెకు అప్పటికి దుఃఖపడే ఓపిక లేదు. కొత్త మాత్రలు వేసుకున్నాక ఆ రాత్రి చాలా నెలల తర్వాత తెల్లవార్లూ నిద్రపోయింది.

మూడు వారాల తర్వాత, పొద్దున పదింటికి, ముక్కూమొహం తెలియని ఒక నడివయసు మనిషి వాకిట్లోకి వచ్చి నిలబడింది. నాలుగు ఊళ్ళ అవతలి పేట నుంచి నడిచి వచ్చింది. పేరు కేతూరమ్మ అని చెప్పింది.

"నువ్వు నన్నెరగవక్కా. నేను నిన్నెరుగుదును. మా ఊరి కూటాల్లో నీ సాక్ష్యం విన్నా" అంది. మంచం పట్టె మీద కూర్చుని, చీర కొంగు పట్టుకుని పిసుకుతూ ఉంది. "నాకూ ఇక్కడ గడ్డ వచ్చిందక్కా. ఎనిమిది నెలలైంది. మా ఆయన గుంటూరు పోదామన్నాడు. కొండమ్మక్కకు ప్రార్థనతోనే పోయింది గదా, నాకూ పోద్దిలే అని నేనే ఆగా. నువ్వు మళ్ళీ లేచి నిజం చెప్పావని మొన్న తెలిసింది. ఇప్పుడేం చెయ్యనక్కా?"

కొండమ్మ మంచం మీద లేచి కూర్చుంది. తన మాటల్లోంచి డాక్టరు జారిపోయాడు, ఆపరేషన్ జారిపోయింది. ఎక్కడికి పోయాయా అంటే ఇదిగో, ఈమె ఒంట్లో ఎనిమిది నెలల గడ్డయి కూర్చున్నాయి. ఇంకా ఎంతమంది ఉన్నారో? ఆ ఆలోచనను ఆమె ముందుకు సాగనివ్వలేదు.

"లే" అంది. "బస్సుకు టైమైంది."

"ఇప్పుడా? నీకు బాగాలేదంట గదక్కా."

"నాకు బాగయ్యేది లేదులే. నువ్వు లే."

డాక్టరమ్మ కేతూరమ్మను పరీక్షించి, ముక్క తీయించి, రిపోర్టు వచ్చేదాకా రెండుసార్లు తిప్పింది. రెండుసార్లూ కొండమ్మ తోడు వెళ్ళింది, ఒక చేత్తో బస్సు కడ్డీ, ఇంకో చేత్తో నడుం పట్టుకుని. సారమ్మ తిట్టినా వినలేదు. మూడోసారి డాక్టరమ్మ అంది: "కేన్సరే. ఎనిమిది నెలలు ఊరికే పోగొట్టారు. అయినా ఇంకా ఎక్కడికీ పాకలేదు. వెంటనే ఆపరేషన్ చేస్తే నయమయ్యే వీలుంది."

కేతూరమ్మ కొండమ్మ చేతులు పట్టుకుని భోరున ఏడ్చింది. కొండమ్మకు సంతోషమే. కానీ ఆ సంతోషం కంటే ముందు కడుపు భగ్గున మండింది. అదే గడ్డ, అదే కుర్చీ, ఈమెకేమో వీలుంది, నాకేమో లేదు. ఆ మంట చల్లారడానికి ఆమె వరండా చివర పంపు దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కుని, కాసేపు అక్కడే నిలబడాల్సి వచ్చింది. తిరిగి వచ్చేసరికి కేతూరమ్మ ఆమె కోసం బెంచీ మీద చోటు ఉంచి కూర్చుని ఉంది.

నల్లపాడు వైపు వెళ్ళే బస్సు కోసం ఇద్దరూ ఎదురుచూశారు. ఎండ మండిపోతోంది. కొండమ్మకు కళ్ళు మూతలు పడుతున్నాయి.

"అక్కా, నాకు తగ్గితే మా మందిరంలో సాక్ష్యం చెప్పుకుంటా. నీ పేరు చెప్పుకుంటా" అంది కేతూరమ్మ.

"చెప్పుకో."

"ఏం చెప్పమంటావు?"

కొండమ్మ కళ్ళు తెరవలేదు. "అన్నీ చెప్పు. కత్తి పెట్టారని చెప్పు, సూదులేశారని చెప్పు. నన్ను అదే డాక్టరమ్మ చూసింది, నాకోసం కూడా అదే ప్రార్థన చేశారు, అయినా కొండమ్మ బతకలేదని చెప్పు. అది వదిలేసి చెప్పేట్టయితే నా పేరు ఎత్తొద్దు."