సున్నం బొట్టు పెట్టిన చెట్లు

నా నోట్లో నువ్వుగింజ నానదని మా వాడలో పేరుంది. ఎవరింట్లో ఏ కూర మాడిందో కూడా నా దగ్గర దాగదు. అలాంటిదాన్ని ఒక్క సంగతిని తొమ్మిదేళ్లుగా మోస్తున్నాను. మా ఆయనకు చెప్పలేదు. నన్ను కన్న అవ్వ పోయేముందు రెండు నెలలు నా దగ్గరే ఉంది, ఆమెకూ చెప్పలేదు. మీకు చెప్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే నోరు పెగులుతోంది.

నేను ఒక తోటను గొడ్డు చేశాను. పొరపాటున కాదు. తెలిసే, ఒక్కో చెట్టు దగ్గరా ఆగి, చూసి మరీ చేశాను.

తోట మా యారాలిది. అంటే మా ఆయన అన్న భార్యది. నేను అక్కా అంటాను, ఆమె చెల్లె అంటుంది. ఇద్దరం ఒక్క గోడకు అటూ ఇటూ కాపురం చేస్తున్నాం.

ముందు నా పనితనం గురించి చెప్పాలి, అది లేకపోతే ఈ పాపం నా చేతికి అందేదే కాదు. జగదేవ్‌పూర్ దారిలో ఒక నర్సరీలో ఎనిమిదేళ్లు పని చేశాను. బొప్పాయి మొక్క పూతకు వచ్చేదాకా ఆడదో మగదో బ్రహ్మకు కూడా తెలియదు. అందుకే నాటు రకాల్లో గుంతకు మూడు మొక్కలు పెట్టి, పూత మొదలయ్యాక కావలసింది ఉంచి మిగతావి నరికేస్తారు. మగ చెట్టును మేం పోతు అంటాం. దాని పూత పొడుగాటి కాడలకు గుత్తులుగా వేలాడుతుంది, పువ్వు సన్నం. ఆడ చెట్టు పువ్వు మానును అంటుకుని ఉంటుంది, మొగ్గ అడుగున బొద్దుగా ఉంటుంది, చీల్చి చూస్తే లోపల పసికాయ కనిపిస్తుంది. మూడోది రెండు గుణాలూ కలిసిన చెట్టు. దాని మొగ్గ అంత సన్నమూ కాదు, అంత బొద్దూ కాదు, కోలగా ఉంటుంది. అది తనకు తానే కాయగలదు. చాలామంది మోసపోయేది దాని దగ్గరే. నేను మోసపోయేదాన్ని కాదు. ఎర్రవల్లి నుంచి కూడా బండి మీద వచ్చి తోటలు చూపించడానికి నన్ను తీసుకెళ్లేవాళ్లు.

పోతు పండ్లివ్వదు. అయినా పది పదిహేను ఆడ చెట్లకు ఒక పోతును ఉంచాలి. లేకపోతే ఆడ చెట్టు పూస్తుంది, రాలుస్తుంది, అంతే.

ఇక నా కడుపుమంట సంగతి. పెళ్లయి ఏడేళ్లయినా మాకు పిల్లల్లేరు. సిద్దిపేట దవాఖానలో ఇద్దరికీ పరీక్షలు చేశారు. లోపం నాలో లేదు. మా ఆయన బస్టాండు దగ్గర నాకు చెరుకురసం ఇప్పించి, నేల చూపులు చూస్తూ, "ఇంట్ల చెప్పకే" అన్నాడు. సరే అన్నాను. ఆ కాగితాలు పెళ్లిచీర మడతలో పెట్టాను. గొడ్రాలు అన్న పేరు మాత్రం నా నెత్తిన పెట్టుకుని ఊళ్లో తిరిగాను.

యారాలి కూతురు పెద్దమనిషి అయినప్పుడు ఫంక్షన్ చేశారు. మూడు రోజులు సకినాలు చుట్టి చుట్టి నా వేళ్లు వాచాయి. పిల్లను పీట మీద కూర్చోబెట్టాక కుంకుమలో వేలు ముంచి ముందుకు వంగాను. యారాలు నా మణికట్టు పట్టుకుంది. "నువ్వు జర ఆగు చెల్లె. పిల్లల తల్లులను పెట్టనియ్యి" అంది. నవ్వుతూనే అంది. చుట్టూ ఊరి ఆడవాళ్లంతా ఉన్నారు. వేలికున్న కుంకుమ కొంగుకు తుడుచుకుని వెనక్కి జరిగాను. ఆ చీర ఇప్పటికీ ఉంది. మరక పోకుండా నేనే కాపాడుకున్నాను. యారాలికి నా ఉసురు తగలకపోతే నా పుట్టుకే దండగ అనుకున్నాను. ఉసురు దానంతట అది తగిలేదాకా ఆగే ఓపిక నాకు లేదు.

మరుసటి ఏడు యారాలు ఇంట్లో కొట్లాడి రెండెకరాలు తన చేతికి తీసుకుంది. పత్తి వద్దు, బొప్పాయి పెడతానంది. గింజలు తానే ఎండబెట్టి, తానే నారు పోసుకుంది. మా బావ, అంటే ఆమె మొగుడు, అందరి ముందూ ఒకటే మాట అన్నాడు. ఒక్క పంట చూస్తాడట, కాయకపోతే ఇక జన్మలో పొలం ముచ్చట ఎత్తకూడదట. ఆమె ఒప్పుకుంది. ఆ ఆరు నెలలు ఆమె ముఖం చూడాలి మీరు. ఇంట్లో కంటే మొక్కల మధ్యే ఎక్కువ ఉండేది.

పూత మొదలైంది. ఏ చెట్లు నరకాలో గుర్తు పెట్టడానికి ఎవరిని పిలుస్తుంది? నన్నే పిలిచింది. సున్నం డబ్బా నా చేతికిచ్చి అడిగింది:

"చెల్లె, పోతులు కొన్ని ఉంచాలంటరు గద?"

"అవసరం లేదక్కా. ఉత్తగ ఎరువు తింటయి. గాలికి పక్క తోటల నుంచి పుప్పొడి వస్తది."

"అన్ని తీసేయాల్నా మరి?"

"అన్ని తీసేయ్."

"నువ్వన్నంక ఇంకేంది. నీ కన్ను మీద నాకు నమ్మకం."

పక్కన తోటలు ఎక్కడివి? చుట్టూ పత్తి, మక్కజొన్న తప్ప ఏమీ లేదు. అది ఆమె ఆలోచించలేదు. నా మాట మీద ఉన్న గురి అలాంటిది.

ఆమె కూతురి నుదుట పెట్టనివ్వని వేలితోనే ఆమె తోటలో ప్రతి పోతు చెట్టుకూ సున్నం బొట్టు పెట్టాను. రెండు గుణాలూ కలిసినవాటికీ పెట్టాను. ఒక్కో బొట్టుకూ లోపల ఏదో చల్లబడింది. నిజం చెప్పాలి కదా, పాట కూడా పాడుకున్నాను. మర్నాడు కూలీలు బొట్టున్న చెట్లన్నీ నరికి గట్టున పడేశారు.

ఆ తర్వాత తోట పూసింది. రాల్చింది. మళ్లీ పూసింది. యారాలు మందులు మార్చింది, నీళ్లు పెంచింది, దిష్టి తీసింది. నేను రోజూ గోడ మీంచి పలకరించేదాన్ని.

మోటారు దగ్గర మూడో రకం చెట్టు ఒకటి నా కన్ను తప్పింది. దాని మీదా, దాని చుట్టూ ఉన్న నాలుగైదు చెట్ల మీదా కాయ నిలిచింది. యారాలు నన్ను లాక్కెళ్లి చూపించింది, ఇక్కడే ఎందుకు నిలిచిందని అడిగింది. నీళ్లు బాగా అందాయన్నాను. మర్నాడు మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు వెళ్లి ఆ చెట్టు తల విరిచేశాను. కోతులు విరిచాయనుకున్నారు. మా దగ్గర ఏ నష్టం జరిగినా మోయడానికి కోతులున్నాయి కదా.

మొదటిది కోపంలో చేశానని అనుకోవచ్చు. ఇది ఏ కోపంలో చేశాను? అప్పటికి ఆమె కళ్ల కింద నలుపు చూశాను, రాత్రుళ్లు ఆమె దగ్గు విన్నాను. అయినా విరిచాను. పైగా నా పేరు మీద గొడ్రాలు అని రాసింది మా ఆయన మౌనం కదా? అతనికి రోజూ వేడివేడిగా అన్నం పెడుతూ, కోపం మాత్రం ఆమె మీద తీర్చుకున్నానా? అతన్ని కొట్టే ధైర్యం లేకపోయింది, ఆమె చేతికి అందింది.

చివరికి బావ జేసీబీ తెచ్చాడు. గొడ్డు చెట్లు, గొడ్డు చెట్లు అని తిడుతూ ఒక్కోదాన్నీ పీకించాడు. అవి గొడ్డువి కావని ఆ పొలంలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. వాటిలో ఏ లోపమూ లేదు, నాలో లేనట్లే. నోరు విప్పలేదు. నా గురించి మా ఆయన విప్పాడా?

యారాలు గట్టు మీద కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను. ఆమె ఏడుస్తుంటే చూడాలని ఏడాదికి పైగా కోరుకున్నదాన్ని. ఆమె ఏడవలేదు. నా చెయ్యి పట్టుకుంది, ఆ రోజు పట్టుకున్న చోటే.

"ఆ దినం బొట్టు కాడ నిన్ను ఆపిన గద చెల్లె. గదే తాకింది నాకు. నన్ను మాఫ్ చెయ్యి."

ఆ క్షణంలో చెప్పి ఉండాల్సింది. ఎవరి ఉసురూ తగల్లేదక్కా, నా వేలు తగిలిందని చెప్పి ఉండాల్సింది. నేనేం చేశానో తెలుసా? "పోనియ్యక్కా" అన్నాను. పెద్ద మనసున్న దానిలా ఆమెను క్షమించాను. చెట్లు నరికించడం కంటే అదే పెద్ద తప్పని ఇప్పుడు తెలుస్తోంది.

ఆ తర్వాత ఆమె పొలం వైపు పోలేదు. బావ ఇప్పుడక్కడ మక్క వేస్తున్నాడు. ఆమె ఇంట్లో బీడీలు చుడుతుంది.

పోయిన నెల యారాలి కూతురికి సీమంతం చేశారు. తొమ్మిదేళ్లుగా ఏ శుభకార్యమైనా నాదే మొదటి బొట్టు, అది యారాలు పెట్టిన కట్టుబాటు. ఎవరో ముసలామె గొణిగితే యారాలు గట్టిగా కసిరింది. "మా చెల్లె పెట్టినంకనే మీరు" అని అందరి ముందూ నన్ను ముందుకు తోసింది. పెట్టాను. ఆమె నా వీపు నిమిరింది.

నేను మారిపోయానని మీరు అనుకోవద్దు. ఆ పీట, ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆమెకు చెప్తానా అంటే, చెప్పను. చెప్తే మొదటి బొట్టు పోతుంది. అది నాకు కావాలి. దొంగసొమ్మని తెలిసీ కావాలి.

మీరు క్షమించనక్కర్లేదు. ఆ చెట్లు మంచివి. ఈ మాట ఒక్కసారైనా ఎవరికైనా చెప్పాలనుకున్నాను, చెప్పాను.