డబ్బా అడుగు

కెనడాలోని హాలిఫాక్స్ ఫెర్రీలో రాగిణి ఎప్పుడూ కిటికీ పక్కనే కూర్చుంటుంది, పక్క సీటులో తన సంచీ పెట్టుకుని. ఒకప్పుడు పిల్లల డాక్టరు. ఇప్పుడు మూడుసార్లు గెలిచిన పార్లమెంటు సభ్యురాలు. నవ్వుతున్నప్పుడు కూడా ఆమె చూపు ఎదుటివాళ్ళ చేతుల మీదే ఉంటుంది. ఎవరైనా మిఠాయి డబ్బా ఇస్తే, థాంక్స్ చెబుతూనే వేళ్ళతో దాని అడుగు తడుముతుంది. తరచూ అక్కడ ఒక విజిటింగ్ కార్డు అతికించి ఉంటుంది. ఆ కార్డు వెనకాలే ఎవరి వీసా గొడవో, ఎవరి మేనల్లుడి ఉద్యోగమో నడిచి వస్తుంది. అందుకే ఎవరేమిచ్చినా నోట పెట్టదు, ఆఫీసులో పంచేస్తుంది. నీళ్ళ మీదుగా వచ్చే పొగమంచు కూడా ఏదో అడగడానికే తన వైపు వస్తోందనిపిస్తుంది ఆమెకు.

ఆ ఉదయం, గుడిలో ఎప్పుడో చూసిన చాముండేశ్వరి అనే పెద్దావిడ సంచీ జరిపి పక్కన కూర్చుని, జంతికల డబ్బా మూత తీసి రాగిణి ఒళ్ళో పెట్టింది.

"తిను తల్లీ."

"చెప్పండాంటీ, ఏం పని? ఎవరికైనా పీఆర్ కార్డు ఆగిందా?"

"నీతో నాకేం పని?"

"మరి... ఎలక్షన్లు వస్తున్నాయిగా."

"పోయినసారీ నీకు వెయ్యలేదు, ఈసారీ వెయ్యను. మొన్న టీవీలో చూశా, ఎంత చిక్కిపోయావో! మీ ఇంట్లో అద్దం లేదా?"

రాగిణి పకపకా నవ్వేసింది. ఎన్నో ఏళ్ళ తర్వాత ఒకరు పెట్టింది కొరికింది. వాము ఘాటుకు కళ్ళు చెమర్చాయి. రెండోది కూడా తీసుకుంది.

"ఏం వెతుకుతున్నావే?" అంది పెద్దావిడ.

రాగిణి తన ఎడమచేతి వంక చూసుకుంది.

"ఏం లేదాంటీ," అంది, డబ్బా అడుగు నుంచి వేళ్ళు తియ్యకుండానే.